జగ్గారావు బావిలో పన్నెండు మాగురలు

జగ్గారావు చేతిలో చీమ కూడా చావదని రాయగడ పప్పుల వీధిలో చెప్పుకుంటారు. అలాంటి మనిషిని తీసుకెళ్లి కాలేజీలో జంతుశాస్త్రం డిపార్టుమెంటుకు అప్పగించిన ఘనత ఆయన అన్న రమణమూర్తిది.

తాతల నాడు బొబ్బిలి వైపు నుంచి వచ్చి పప్పూ బెల్లం టోకు దుకాణం పెట్టుకున్న ఇల్లు వాళ్లది. ఆ ఇంట్లో చేప వాసన ఎరగరు. కోడిగుడ్డు పేరెత్తాలన్నా గొంతు తగ్గిస్తారు. కుర్రతనంలో జగ్గారావు ఆ కొట్లో రెండేళ్లు కూర్చున్నాడు. కూర్చున్నన్నాళ్లూ కొసరు వేశాడు. కొండ మీంచి దిగివచ్చిన ముసలమ్మకు గుప్పెడు కొసరు, ఆవిడ కొంగు పట్టుకున్న మనవరాలికి మరో గుప్పెడు, చూస్తూ నిలబడ్డవాడికి ఊరికే నిలబడ్డాడు పాపం అని ఇంకో గుప్పెడు. అన్న ఓర్చి ఓర్చి, "కొట్లో నువ్వైనా ఉండాలి, సరుకైనా ఉండాలిరా" అని తేల్చేసి, తెలిసినవాళ్ల కాళ్లావేళ్లా పడి కాలేజీలో అటెండరు ఉద్యోగం వేయించాడు. ఏ డిపార్టుమెంటో అడగడం మాత్రం మరిచిపోయాడు మహానుభావుడు.

మొదటిరోజే జగ్గారావు చేతికి ఒక కత్తెరా, తొట్టి నిండా కప్పలూ ఇచ్చారు. ఆయనకు మూడు రోజులు జ్వరం కాసింది. నాలుగో రోజు తిరిగి వచ్చి ఒక ఉపాయం పన్నాడు. కోత పని వచ్చినప్పుడల్లా కత్తెర విద్యార్థుల చేతిలో పెట్టి, "నేర్సుకోవలసింది మీరు గదా బాబూ" అనేవాడు. ఇదేదో గొప్ప బోధనా పద్ధతి అనుకుని లెక్చరర్లు మెచ్చుకున్నారు. పటాలు గీశాడు, గాజు సామాను కడిగాడు, సూక్ష్మదర్శినుల అద్దాలు తన కళ్లజోడుకన్నా శ్రద్ధగా తుడిచాడు. పెద్దలు ఏం చెప్పినా ఒరియా ఆఫీసు మర్యాదగా "ఆగ్యాఁ" అన్నాడు. అలా ఇరవై ఏడేళ్లు గడిచాయి. ఒక్క కప్ప కూడా ఆయన చేతిలో పోలేదు. ఇది మామూలు రికార్డా చెప్పండి!

అప్పుడు వచ్చిపడింది మన్మథరావుగారి చేపల ప్రాజెక్టు.

మన్మథరావుగారు డిపార్టుమెంటు హెడ్డు. నాగావళిలోనూ దానిలో కలిసే కొండవాగుల్లోనూ దొరికే పదహారు రకాల చేపల్లో ఏది దేనికి చుట్టమో తేలుస్తానని ఆయన ప్రతిన పట్టారు. తేల్చడం రెక్కల్నీ పొలుసుల్నీ చూసి కాదు, మగచేప శుక్రకణాన్ని చూసి. ఆ కణానికీ ఒక తల, ఒక మెడ, ఒక తోక ఉంటాయి. తల గుండ్రంగా ఉందా కోలగా ఉందా, తోక తలకు నట్టనడుమ అతికిందా పక్కకు అతికిందా అన్నవి తరాలు గడిచినా అంత తేలిగ్గా మారవట. రెండు రకాల చేపల్లో అవి కలిశాయంటే, ఎన్నో లక్షల ఏళ్ల వెనక ఆ రెండింటికీ ఒకే తాత ఉండి ఉంటాడని అనుమానించాలట. మన్మథరావుగారు దీన్ని గంటన్నర చెప్పారు. జగ్గారావుకు నిమిషంలో అర్థమైంది.

"అంటే సంబంధం కుదిర్సినప్పుడు మొకం సూడకూడదు, గోత్రం అడగాలన్నమాట" అన్నాడు.

"అద్గదీ!" అని బల్ల మీద కొట్టింది బిందుశ్రీ.

ఆ ప్రాజెక్టులో పరిశోధన చేసే అమ్మాయి ఆమె. గుణుపురం దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. వాళ్ల పెద్దలది శ్రీకాకుళం వైపు. మొదటి వారంలోనే జగ్గారావును బాబాయ్ చేసేసుకుంది. పిల్లల్లేని ఆ మనిషి ఆ పిలుపుకు ఐసులా కరిగిపోయాడు. కణాలను కొలవడం, పట్టికలు రాయడం, చివరికి థీసిస్ ఇవ్వడం బిందుశ్రీ పని. చేపల నుంచి ఆ కణాలుండే ద్రవాన్ని, అదే అందరూ పాలనే దాన్ని, తీసి గొట్టంలో పోసివ్వడం జగ్గారావు పని. పప్పులో కాలేసింది ఇక్కడే.

పరిగెలాంటి పొలుసుల చేపతో చిక్కులేదు. వానాకాలంలో మగదాన్ని తడిగుడ్డలో పట్టుకుని పొట్ట కింద బొటనవేలితో మెల్లగా నొక్కితే తెల్లటి చుక్క జారుతుంది. చేపను మళ్లీ తొట్టిలో వదిలేయవచ్చు. కొల్నార వైపు చేపపిల్లల చెరువుల దగ్గర నాలుగు రోజులు కూర్చుని జగ్గారావు ఆ పని నేర్చుకున్నాడు. చంటిపిల్లకు తేన్పు తెప్పించినంత సుతారంగా చేసేవాడు. పొలుసుల్లేని మీసాల చేప మాగుర అలా కాదు. నొక్కితే ఏమీ రాదు. దాన్ని చంపి, పొట్ట కోసి, లోపలి రెండు తెల్లటి తిత్తులు బయటికి తీసి నూరాలి.

మొదటి మాగుర వచ్చింది శ్రావణ శుక్రవారం నాడు. పొద్దున్నే భార్య సుబ్బులు వ్రతానికి కూర్చుంటూ, "ఈ నెలంతా నీ సేతికి నెత్తురు సుక్క అంటకూడదు, ఇంటన్నావా?" అని మరీ మరీ చెప్పి పంపింది. మాగుర బకెట్లో ఉంది. పైకి వచ్చి గాలి గుటకేసి, మీసాలు కదుపుతూ జగ్గారావు వైపే చూసింది. జగ్గారావు బ్లేడు వైపు చూశాడు. పక్క తొట్టిలో పరిగెలున్నాయి. గదిలో ఎవరూ లేరు.

'పాలు పాలే గదా. ఏ ఆవు పాలైనా తెలుపే' అనుకున్నాడు.

పరిగెను నొక్కి, ఆ చుక్కను గొట్టంలోకి దించి, పైన మాగుర–1 అని అందంగా రాశాడు. సాయంత్రం మాగురను మూత ఉన్న క్యానులో పట్టుకెళ్లి కాలేజీ వెనక పాడుబడిన బావిలో వదిలేశాడు. ఇంటికి వెళ్లి రెండు చేతులూ సుబ్బులుకు చూపించాడు. ఆ రోజు పాయసం రెండుసార్లు వడ్డించుకున్నాడు కూడా.

మూడు నెలలకు భువనేశ్వర్ నుంచి పెద్ద సూక్ష్మదర్శిని ఫొటోలు వచ్చాయి. మన్మథరావుగారు వాటిని చూసి కుర్చీలోంచి ఎగిరి గెంతారు. మీసాల చేపల కణానికి తోక నట్టనడుమ ఉండాలని పుస్తకాలన్నీ చెబుతుంటే, మన మాగురకు పక్కకు అతికి ఉంది! అచ్చం పరిగెలాగే! ఉండదూ మరి? పరిగెదే కదా!

"జగ్గారావ్! నాగావళి మాగురా పరిగే సొంత అన్నదమ్ములోయ్. ప్రపంచంలో ఇంకెవడికీ తెలీదు" అన్నారాయన.

ఇంకెవడికీ తెలియదన్న ముక్క మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. జగ్గారావు ఆ వారంలో నాలుగుసార్లు నోరు తెరిచాడు. నాలుగుసార్లూ సారు "టీ తెప్పించు" అన్నారు. ఐదోసారికి సెమినారు, సెమినారులో శాలువా, శాలువాతో ఫొటో, ఫొటోకు ఫ్రేము. ఆ ఫ్రేముకు గోడలో మేకు కొట్టింది జగ్గారావే.

మరుసటేడు నాలుగు మాగురలు వచ్చినప్పుడు ఈసారి పోనీ కోసేద్దామా అని ఒక్క నిమిషం అనుకున్నాడు. కోస్తే తోక నడుమకు వస్తుంది. వస్తే నిరుటిది అబద్ధమని తేలిపోతుంది. కక్కలేడు, మింగలేడు. మళ్లీ పరిగెనే నొక్కాడు. ఆ పై ఏడు ఇంకో ఏడు మాగురలు. మూడు వానాకాలాలు తిరిగేసరికి రిజిస్టరులో చచ్చిన మాగురలు పన్నెండు, బావిలో బతికున్న మాగురలు పన్నెండు.

పన్నెండూ మగవే. ఆడగాలి సోకని ఆ మఠానికి జగ్గారావే పోషకుడు. రోజూ సాయంత్రం అన్న కొట్లో మిగిలిన పప్పునూకలో తవుడు కలిపి ఉండలు చుట్టి పట్టుకెళ్లేవాడు. బావి గట్టు మీద వంగి రెండు చప్పట్లు కొట్టేవాడు. మీసాలన్నీ బిలబిలా పైకి వచ్చేవి. అందరికన్నా ముందు వచ్చేది ఎడమ మీసం తెగినవాడు. మొదటి శుక్రవారం బకెట్లోంచి చూసినవాడు వాడే. వాడికి ఒక ఉండ కొసరు.

నాలుగో ఏడు థీసిస్ వెళ్లింది. శ్రావణమాసంలోనే బయటి పరీక్షకుడి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. బిందుశ్రీ దాన్ని చదివి ల్యాబు స్టూలు మీద కూలబడింది.

"బాబాయ్, ఈయన నన్ను దొంగంటన్నాడు" అంది.

"ఎవడమ్మి ఆడు?"

"మాగురకి తోక పక్కకుండడం ముప్పై ఏళ్లలో సూడలేదట. ఈ సీజన్లోనే మళ్లీ ఆరు మగ మాగురల్ని కోసి, తిత్తులతో సహా పంపాలట. లేదంటే థీసిస్ తిప్పేస్తాడట." ఆమె రిజిస్టరు తెరిచింది. "పన్నెండుకి పన్నెండూ నా సంతకాలే. రేపు తేడా వస్తే పోయేది నానే. మా నాన్న నాను డాక్టరమ్మనయిపోయినానని ఊరంతా సెప్పీసినాడు బాబాయ్. మొన్న సెలవకి ఎల్తే ముగ్గురు జొరాలోళ్లు అరుగు మీద కూకున్నారు."

నవ్వబోయి ఏడ్చేసింది. ఇంకో పది రోజుల్లో వానలు సన్నబడితే మగ మాగురల తిత్తులు ఎండిపోతాయి. మళ్లీ నిండాలంటే వచ్చే ఏడు రావాలి. ఆమెకున్న గడువు డిసెంబరు దాకానే. ఇద్దరూ టికిరి సంతకు రెండుసార్లు వెళ్లి గంపలన్నీ గాలించారు. ఎక్కడ చూసినా చెరువుల్లో పెంచే పరాయి రకమే. ఒక్క నాటు మాగుర కూడా దొరకలేదు. దొరికినా గండం గట్టెక్కేది కాదు. కొత్త తోక నడుమకు, పాత తోక పక్కకు వస్తే దొంగ సంతకం ఎవరిదంటారు?

రెండోసారి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని జగ్గారావు మొత్తం సుబ్బులుకు చెప్పేశాడు. వ్రతం నిలబెట్టినందుకు ఒక మంచి మాట వస్తుందని మనసులో ఏ మూలో ఆశ కూడా ఉంది పాపం.

సుబ్బులు గరిటె కింద పెట్టింది. "ఏటీ? నా వ్రతం అడ్డం పెట్టి ఆ అమ్మి గొంతు కోసేవా?"

"నాను ఎవల్నీ కొయ్యలేదే..."

"సేపని కొయ్యలేక పిల్లని కోసేవు. పుణ్యం నీకూ, సంతకం దానికీనా? లెగు. ముందెల్లి సెప్పు."

జగ్గారావు కలిపిన అన్నం వదిలి లేచాడు. ముందు హెడ్డు గదికి వెళ్లాడు. మన్మథరావుగారు అంతా విన్నారు. లేచి తలుపు వేశారు. శాలువా ఫొటో వైపు ఓసారి చూశారు.

"ఇంకెవరికైనా సెప్పేవా?"

"మా ఇంటిదానికండి."

"ఆవిడ సైన్సా?"

"కాదండి, వ్రతాలండి."

"అయితే ఫరవాలేదు." ఆయన కుర్చీలో కూర్చున్నారు. "నువ్వేటీ సెప్పలేదు, నానేటీ ఇనలేదు. తేడా వస్తే అమ్మాయి గొట్టాలు తారుమారు సేసిందనుకుంటారు. సిన్నపిల్ల, సెమించీస్తారు. ఎల్లి టీ తెప్పించు."

ముప్పై ఏళ్లలో మొదటిసారి జగ్గారావు ఆగ్యాఁ అనలేదు. టీ తేలేదు. నేరుగా ల్యాబుకు వెళ్లి బిందుశ్రీ ఎదుట నిలబడి, తల వంచుకుని చెప్పాడు. మాగుర–1 నుంచి మాగుర–12 దాకా, ఏ ఒక్కదాన్నీ దాచలేదు.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండును. మూడేళ్ల పాటు కళ్లు పోయేలా కొలిచిన పట్టికలను ఒక్కొక్కటే మూసింది.

"ఆ పన్నెండూ ఏటి సేసినావు బాబాయ్?"

"బావిలో ఉన్నాయమ్మి. ఒక్కటి కూడా సచ్చిపోనేదు" అన్నాడు. ఇంత జరిగినా ఆ మాట దగ్గర గొంతులో కాస్త గర్వం పలికింది. ఏం మనిషో చూడండి!

బిందుశ్రీ తలెత్తింది. "మగవేనా? నాటువేనా?"

"ఆఁ..." అన్నాడు. అప్పటికి గాని ఆయనకు తట్టలేదు, ఆమె ఎందుకు అడుగుతోందో.

"ఆరు సాలు" అంది ఆమె మెల్లగా. "నానే కోస్తాను బాబాయ్. నువ్వు బయట నిలబడు. ఆ పరీక్ష సేసే సారుకి ఉన్నది ఉన్నట్టు నానే ఉత్తరం రాసీస్తాను, పాత నమూనాలు తప్పని. నాకు సేపల్ని తీసిచ్చీ, సాలు."

వలేసి చూశారు. బావి లోతుగా ఉంది, అడుగంతా రాళ్లు. వల రెండుసార్లు చిరిగింది గాని ఒక్క మీసమూ చిక్కలేదు. బిందుశ్రీ జగ్గారావు వైపు చూసింది. వాటిని పైకి రప్పించగలవాడు ఆయనొక్కడే.

జగ్గారావు గట్టు మీద వంగాడు. పన్నెండులో ఆరింటిని తను ఎంచాలి. ఎలా ఎంచుతాడు? మూడేళ్లు మేపినవాటిలో ఏది ఎక్కువ, ఏది తక్కువ? నా వల్ల కాదు తండ్రీ, ముందు వచ్చినవే అనుకున్నాడు. రెండు చప్పట్లు కొట్టాడు.

ముందు వచ్చింది ఎడమ మీసం తెగినవాడు. తవుడు ఉండ కోసం నోరు తెరిచాడు. వాడి వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. ఆయన్ని ఎక్కువగా నమ్మినవే ముందుగా వచ్చాయి. జగ్గారావు చేతిబుట్ట ముంచి ఒక్కొక్కదాన్నీ తీస్తూ, ఒకటీ రెండూ అని లెక్కపెట్టాడు. ఆరు అయ్యాక బిందుశ్రీ చేయి పట్టుకుని ఆపింది. లేకపోతే ఆయన ఆగేలా లేడు.

ల్యాబులో ఆయన బయట నిలబడలేదు. "నా గొట్టాలకి నువ్వు సంతకం పెట్టినావు. నీ బ్లేడు నాను పట్టుకుంటాను" అన్నాడు. ఆరింటినీ ఆయనే కోశాడు. ముప్పై ఏళ్లు దాటవేసిన పని, ఒక్క పూటలో చేశాడు. ఇంటికి వెళ్లాక సుబ్బులు ఆయన చేతుల వైపు చూసి నీళ్లు పోసింది.

తోక నట్టనడుమనే వచ్చింది. ఆరింటికి ఆరూ పుస్తకంలో ఉన్నట్టే.

ఇక చూడండి తమాషా. మాగురా పరిగే అన్నదమ్ములు కావని, దూరపు జ్ఞాతులు మాత్రమేనని తేల్చిన కీర్తి కూడా మన్మథరావుగారికే దక్కింది. తన సిద్ధాంతాన్ని తానే సవరించుకున్న ధీశాలి అని ఇంకో సెమినారులో ఇంకో శాలువా కప్పారు. "శాస్త్రవేత్తకు సత్యమే ముఖ్యం, శాలువా కాదు" అని ఆయన ఆ శాలువాలోంచే ఉపన్యసించారు. ఈ ఫ్రేముకు కూడా మేకు కొట్టింది జగ్గారావే. పాతదాన్ని మాత్రం ఎవరూ తీయమనలేదు. ఇప్పుడు గోడ మీద రెండు నిజాలూ పక్కపక్కనే ఉన్నాయి.

డిసెంబరులో బిందుశ్రీ థీసిస్ మీద పరీక్ష నిండు హాల్లో జరిగింది. గుణుపురం నుంచి వాళ్ల నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అనుమానించిన ఆ పరీక్షకుడే స్వయంగా వచ్చి, తప్పును దాచకుండా ఉత్తరం రాసిన విద్యార్థినిని తన సర్వీసులో ఇదే మొదటిసారి చూడడం అన్నాడు. థీసిస్ మొదటి పేజీలో కృతజ్ఞతలు అన్న చోట, మా బాబాయ్ జగ్గారావుకు అని ఒక వాక్యమూ, దాని కింద, బావిలోంచి వచ్చిన ఆరింటికి అని మరో వాక్యమూ ఉన్నాయి. ఆ రెండో వాక్యం అచ్చుతప్పనుకుని మన్మథరావుగారు పెన్సిలుతో సున్న చుట్టారు.

ఫలితం చెప్పగానే హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కిటికీలు అదిరాయి. వాళ్ల నాన్న అందరికన్నా గట్టిగా కొట్టాడు. సుబ్బులు కూడా కొట్టింది. తలుపు దగ్గర జగ్గారావు రెండు చేతులూ చంకల్లో బిగించుకుని నిలబడ్డాడు. ఆయన కళ్లు వేదిక మీద లేవు. వెనక కిటికీలోంచి, కాలేజీ వెనక ఉన్న బావి వైపు చూస్తున్నాడు.

"ఏటి జగ్గారావ్, సప్పట్లు కొట్టవేటి? మన పిల్ల గదా!" అన్నారు మన్మథరావుగారు.

"పిల్లకి సేతులెత్తి మొక్కుతాను బాబూ" అన్నాడు జగ్గారావు. "సప్పట్లు మాత్రం కొట్టలేను. ఇంకా ఆరున్నాయి, వచ్చీస్తాయి."